గుమ్మం అవతలి ప్రేక్షకులు

2010 జూన్‌లో నన్ను వార్తా విభాగం నుంచి వినోద విభాగానికి మార్చారు. హోదా మారలేదు, జీతం మారలేదు. సీనియర్ వీడియో ఎడిటర్‌నే. మారిందల్లా నా ముందున్న తెర మీది బొమ్మ. అప్పటిదాకా రాస్తారోకోలు, లాఠీచార్జీలు, టియర్ గ్యాస్ పొగ, నాయకుల ప్రెస్‌మీట్లు కోసి అతికించేదాన్ని. ఇక మీదట వారానికోసారి వచ్చే హాస్య స్కిట్ల కార్యక్రమం కోయాలి. వార్తల్లోని తోటివాళ్లు నాకేదో వరం దొరికినట్టు మాట్లాడారు. హాయిగా నవ్వుకుంటూ పని చేసుకోవచ్చన్నారు. మిఠాయి కొట్టువాడికి మిఠాయి మీద ఆశ ఉండదన్న సంగతి వాళ్లకు తట్టలేదు.

మా ఎడిటింగ్ గది దిల్‌సుఖ్‌నగర్‌లో, మెయిన్ రోడ్డు నుంచి లోపలికి పోయే ఒక సందులో, కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉండేది. కింద కెమిస్ట్రీ లెక్చరర్ గొంతు మైకులోంచి పైకి తేలివచ్చేది. పైన మేము హెడ్‌ఫోన్లు పెట్టుకుని, అదే జోకును ముందుకూ వెనక్కూ తిప్పి వినేవాళ్లం. ఒక జోకును పదిసార్లు వింటే అందులో మాటలు మిగులుతాయి గాని నవ్వు మిగలదు. సాయంత్రానికి కళ్లు మండేవి, మెడ పట్టేసేది. నేను కొత్తపేటలో ఉండేదాన్ని కాబట్టి నడిచి ఇంటికి పోయేదాన్ని. దారిలో ఎవరైనా నవ్వుతూ కనిపిస్తే ఆ నవ్వును ఎక్కడ కోయాలా అని చూసేదాన్ని. వృత్తి మనిషిని అంతగా పాడు చేస్తుంది.

పని ఎలా జరిగేదో కొంత చెప్పాలి. స్కిట్ అంటే చిన్న నాటిక. ఒక టీమ్ లీడరు, ఆయన కింద ముగ్గురో నలుగురో ఆర్టిస్టులు. షూటింగ్ అబ్దుల్లాపూర్‌మెట్ వైపున్న ఒక ఫ్లోర్‌లో జరిగేది. ఫ్లోర్ అంటే సెట్ వేసుకునే పెద్ద షెడ్డు. అక్కడ డైరెక్టర్ మాట చెల్లుతుంది. తీసిన బొమ్మంతా, అంటే రషెస్, టేపుల్లో మా దగ్గరికి వస్తుంది. ఇక్కడ ఎడిటర్ మాట చెల్లుతుంది, కాని సగమే. ఇద్దరి మీదా ప్రోగ్రామ్ హెడ్, ఆయన మీద ప్రతివారం వచ్చే రేటింగులు. ఎంత చెట్టుకు అంత గాలి.

మాకు కొన్ని నియమాలు ఉండేవి. మాటకూ మాటకూ మధ్య గాలి, అంటే ఖాళీ, ఉండకూడదు. ఆర్టిస్టు కెమెరాకు వీపు చూపిస్తే ఆ టేకు ఎన్‌జీ, అంటే పనికిరానిదని పక్కన పెట్టాలి. ఒకే డైలాగు రెండుసార్లు చెబితే మొదటిసారి తడబడ్డాడని అర్థం. బాగున్నదొకటి ఉంచి రెండోది తీసెయ్యాలి. స్కిట్లకు మార్కులు వేసే జడ్జీలు నవ్వే మొహాలు వేరే రోజు వేరే తీసి ఉంచేవాళ్లు, వాటిని రియాక్షన్ షాట్లంటారు. జోకు పేలనిచోట ఒక రియాక్షన్ షాటు, దాని కింద ముందే రికార్డు చేసి ఉంచుకున్న నవ్వుల మోత. ఇంట్లో చూసేవాళ్లు తమకే జోకు అర్థం కాలేదేమో అనుకుని నవ్వేవాళ్లు.

ఆ తెలంగాణ ఉద్యమం రోజుల్లో బంద్ పిలుపు ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. మా ఆర్టిస్టుల్లో ఎక్కువమంది కోస్తా వాళ్లు, షూటింగుకు ముందురోజు బస్సెక్కి వచ్చేవాళ్లు. బస్సులు ఆగితే టీమ్ సగమే ఉండేది. పైగా ఇలాంటి సమయంలో స్థానికులు నలుగురు తెర మీద కనిపిస్తే మంచిదని ప్రోగ్రామ్ హెడ్‌కు అనిపించింది. అప్పటిదాకా మా స్కిట్లలో తెలంగాణ మాట పనివాడికో, దొంగకో, తాగుబోతుకో రాసేవాళ్లు. మిగతావాళ్లంతా మా గుంటూరు వైపువాళ్లలా మాట్లాడేవాళ్లు. ఆ ఏర్పాటు ఎవరు చేశారని ఎవరినీ అడగలేదు, నేనూ అడగలేదు. అలా స్థానికుల కోసం వెతుకుతుంటే దొరికినవాడు ప్రభుదాస్.

నలభై దాటిన మనిషి, సన్నగా, కొద్దిగా ముందుకు వంగి ఉండేవాడు. సొంతూరు నల్గొండ జిల్లాలో. ఎల్‌బీ నగర్ వెనక బస్తీలో కుటుంబంతో ఉండేవాడు. దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక పెద్ద సూట్ల షాపులో కటింగ్ మాస్టర్. బస్తీ చర్చిలో ప్రతి క్రిస్మస్‌కూ వేసే నాటకంలో గొల్లవాడి వేషం ఆయనదే. ఆ నాటకాల్లో మరియమ్మ, యోసేపు, దూత ఎవరూ నవ్వించకూడదు. నవ్వించే అధికారం గొల్లలకే ఉంటుంది. ఆ వేషం చూసి కాలనీ ఫంక్షన్లకు పిలిచారు, అక్కడ చూసి మా డైరెక్టర్ మురళి పిలిచాడు.

ఆర్టిస్టులను ఎడిటింగ్ గదికి రానివ్వకూడదన్నది మరో నియమం. తన బొమ్మ కోస్తుంటే చూసి ఊరుకునేవాడు ఎవడూ ఉండడు. ప్రభుదాస్ మాత్రం భోజనాల వేళ షాపు నుంచి వచ్చి, చెప్పులు మెట్ల మీద విడిచి, గుమ్మం దగ్గరే నిలబడేవాడు. లోపలికి రమ్మన్నా వచ్చేవాడు కాదు.

"మేడమ్, మీది నాది ఒక్కటే పని," అన్నాడు మొదటి రోజు. "కటింగే గదా. తప్పు గోస్తే నాకు బట్ట పోతది, మీకు మనిషి పోతడు."

ఆయన వచ్చింది పరాచికాలకు కాదు. షాపు యజమాని గట్టిగా చెప్పాడట: షూటింగులని నాగాలు పెడితే కుదరదు, పెళ్లిళ్ల సీజన్ వస్తోంది, షాపో టీవీయో తేల్చుకోమని. మురళి ఏమో, ఈ నెల రెండు స్కిట్లూ బాగుంటే పర్మినెంట్ టీమ్‌లో వేస్తానన్నాడు. పర్మినెంట్ అంటే నెలనెలా పని ఉంటుందన్న మాట. కాగితం మీద ఏమీ ఉండదు. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు కాలేజీ చదువుల్లో ఉన్నారు. ఉన్న పని వదిలి పోవాలా వద్దా అన్నది మా టైమ్‌లైన్ మీద, అంటే కోసిన ముక్కలు వరసగా పేర్చే తెర మీద, తేలాల్సి ఉంది. ఆ మాట ఆయన నాతో అనలేదు. స్కిట్ ఎట్లుందని మాత్రమే అడిగి వెళ్లిపోయాడు.

మొదటి స్కిట్ మా అసిస్టెంట్ ఎడిటర్ కోశాడు. నియమాల ప్రకారం శుభ్రంగా కోశాడు, వంక పెట్టడానికి లేదు. ప్రివ్యూలో అందరం కూర్చుని చూశాం. ఎవరూ నవ్వలేదు. ఫ్లోర్ మీద బాగానే ఉందే అన్నాడు మురళి. తరవాత తనే తేల్చేశాడు: మనిషికి డైలాగు నిలవడం లేదు, ప్రతి మాటా రెండుసార్లు చెబుతున్నాడు, పైగా పక్కకు తిరిగిపోతున్నాడు. స్టేజీ అలవాటు, కెమెరా తెలియదు. ఇంకొక్క అవకాశం ఇచ్చి చూద్దాం, కాకపోతే వదిలేద్దాం అన్నాడు. అది విని ఎవరికీ బాధ కలగలేదు. అలాంటివాళ్లు నెలకు నలుగురైనా వచ్చిపోయేవాళ్లు.

రెండో స్కిట్ టేపులు వచ్చిన మర్నాడు బంద్. అసిస్టెంట్ హయత్‌నగర్ అవతల నుంచి రావాలి, రాలేకపోయాడు. నేను కొత్తపేట నుంచి నడిచి వచ్చాను. షట్టర్లన్నీ దించి ఉన్నాయి, దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో పోలీసులు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఒక కానిస్టేబుల్ ఎక్కడికని అడిగితే డ్యూటీకి అన్నాను. ఏం డ్యూటీ అన్నాడు. నవ్వుల కార్యక్రమం అని చెప్పడానికి నాకు నోరు రాలేదు, టీవీ అన్నాను. కింద కోచింగ్ సెంటర్ కూడా మూసి ఉంది. చాలా రోజుల తరవాత మా గది నిశ్శబ్దంగా ఉంది.

కోసి ఇచ్చేవాళ్లు లేరు కాబట్టి రషెస్ మొదటి నుంచి నేనే చూడాల్సి వచ్చింది. స్కిట్ విషయం కిరాయి ఇల్లు. కోస్తా ఓనరు వేషం టీమ్ లీడరుది. నల్గొండ నుంచి వచ్చిన కిరాయిదారు ప్రభుదాస్. ఇంటికి చుట్టాలు ఎక్కువగా వస్తారా అని ఓనరు అడుగుతాడు.

"చుట్టాలు మా ఇంటికి రారు సార్. దవాఖానకొస్తరు. మా ఇల్లు తొవ్వల తాకుతది."

తొవ్వ అంటే దారి; వచ్చేది ఆస్పత్రికి, ఇల్లు దారిలో తగులుతుందని వంక. బాగుంది గాని, పగలబడి నవ్వేంత ఏం కాదు. తరవాత మనిషి కెమెరాకు వీపు తిప్పాడు. సెట్ చివర్న ఒక గేటు ఉంది, గేటు అవతల లైట్‌మ్యాన్ ఎల్లయ్య నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. ప్రభుదాస్ ఆయన దగ్గరికి నాలుగడుగులు నడిచి, ఇంటిమనిషితో చెప్పినట్టు, సంజాయిషీగా, చిన్న గొంతుతో అన్నాడు: "దవాఖానకొస్తరని చెప్పిన. తొవ్వల ఇల్లుంటే మనమేం జేస్తమని చెప్పిన."

నేను నవ్వాను. ఒక్కదాన్నే, కింద తాళం వేసి ఉన్న భవనంలో, హెడ్‌ఫోన్లు పెట్టుకుని. వినోద విభాగానికి వచ్చాక అదే మొదటిసారి. టేపు వెనక్కి తిప్పి సౌండ్ ట్రాక్ విన్నాను. ఫ్లోర్ మీది లైట్‌మెన్, మేకప్ వాళ్లు, టీ ఇచ్చేవాళ్లు నవ్విన నవ్వు సన్నగా రికార్డయి ఉంది. అది మొదటి మాటకు రాలేదు, ప్రతిచోటా రెండో మాటకే వచ్చింది. మేము మొదటి స్కిట్‌లో తీసి పారేసినవన్నీ ఆ రెండో మాటలే.

మురళికి ఫోన్ చేశాను. వీపు కనిపిస్తుంది మేడమ్, చూసేవాళ్లు ఛానెల్ తిప్పేస్తారన్నాడు. పోనీ అక్కడ జడ్జీల నవ్వు వేసి వీపు కప్పెయ్యండి అన్నాడు. జడ్జీలను పెడితే ఆయన ఎవరితో చెబుతున్నాడో కనపడదన్నాను. సరే, మీ ఇష్టం, పైనుంచి అడిగితే మీ పేరే చెబుతానన్నాడు. చెప్పమన్నాను. వీపు ఉంచాను, నడక ఉంచాను, నడకలో ఉన్న ఖాళీ కూడా ఉంచాను. మోత నవ్వు ఒక్కచోట కూడా వెయ్యలేదు.

కార్యక్రమం ప్రసారమైన తరవాత షేర్ ఆటోలో కూర్చుంటే, పక్కావిడ ఫోన్‌లో ఎవరితోనో అంటోంది: ఇంటికి రాలేదక్కా, బజారుకొచ్చిన, నీ ఇల్లు తొవ్వల తాకింది. నాకు ఎందుకో గర్వంగా అనిపించింది. రేటింగులు కూడా బాగా వచ్చాయి. మురళి తన మాట నిలబెట్టుకుని ప్రభుదాస్‌ను పర్మినెంట్ టీమ్‌లో వేశాడు. ప్రభుదాస్ షాపు మానేశాడు.

ఆ వారమే వచ్చి, గుమ్మం దగ్గర నిలబడే, నా కుర్చీ సీటు చిరిగి ఉండటం చూశాడు. మళ్లీ వచ్చినప్పుడు సూటు బట్ట ముక్కలతో తొడుగు కుట్టి తెచ్చాడు. కొలత తీసుకోలేదు, సరిగ్గా సరిపోయింది. అప్పుడే అడిగాను, ఆ రెండోసారి చెప్పడం ఎక్కడ నేర్చుకున్నావని.

"నేర్సుకునుడేంది మేడమ్. మా చర్చిల మైకు లేకుండె. లోపట కూసున్నోళ్లకు ఇనబడతది. తలుపుకాడ నిలబడ్డోళ్లకు ఇనబడది. కూలి అడ్డా మీంచి లేటుగ ఒచ్చినోళ్లు, సంటిపిల్లలను ఎత్తుకున్నోళ్లు. ఇంక మా గల్లీల హిందువులు గూడ ఒస్తరు, ఆట జూడనీకి. లోపటికి రారు, గడప అవతల్నే నిలబడ్తరు. ఆళ్లకెవరు జెప్పాలె? గందుకే నేను తలుపుదాంక పోయి మల్ల చెప్తుంటి."

గొల్లవాడి ఆట కూడా చెప్పాడు. ఆకాశంలో వెలుగుతో దూత కనబడి, భయపడవద్దని అంటాడు. గొల్లవాడు, మేం భయపడ్తలేమయ్యా, గొర్లు బెదురుతున్నయ్, జర లైటు తగ్గించు అంటాడు. తరవాత గుమ్మం దాకా నడిచి, గడప అవతలివాళ్లకు చెబుతాడు: లైటు తగ్గించుమన్న, గొర్ల కోసం అడిగిన, నాకోసం గాదు. లోపల కూర్చున్నవాళ్లు మొదటి మాటకు నవ్వకపోయినా ఇప్పుడు వెనక్కి తిరిగి మరీ నవ్వుతారట. మనకు చెప్పిన మాటను మనిషి వేరేవాళ్లకు ఎలా చెప్పుకుంటాడో వినడంలో ఉన్న నవ్వు అది. మాట ఒకటే, చెప్పే మొహం వేరు. రోజూ నవ్వులు కోసే నాకు ఈ సంగతి ఆ గుమ్మం దగ్గర తెలిసింది.

తరవాత జరిగింది మా రంగంలో ఎప్పుడూ జరిగేదే. స్కిట్ల నుంచి ఏది పుట్టినా ముందు పక్క టీమ్ తీసుకుంటుంది, తరవాత సినిమా, ఆ తరవాత సీరియళ్లు, చివర్న ప్రకటనలు. ఇవాళ సినిమాలో నవ్వించేవాళ్లు ఎక్కడ ఆగుతారో, ఎలా కళ్లు తిప్పుతారో, హీరో కూడా డైలాగు చివర్న గొంతు ఎందుకు దించుతాడో వెతికితే, చాలావాటి మూలం ఏదో ఒక స్కిట్ కుర్రాడి దగ్గర తేలుతుంది. అందులో తప్పు లేదు. ఒకరి దగ్గర చూసి ఒకరు నేర్చుకోకపోతే ఈ కళ ఎప్పుడో పోయేది. మాకు రోజూ చూస్తూ ఉండటంవల్ల అది ఎవరి మూతి నుంచి ఎవరి మూతికి పోయిందో తెలిసేది, అంతే.

రెండుసార్లు చెప్పడానికి ఫ్లోర్ మీద "డబుల్" అని పేరు పెట్టారు. ప్రతి టీమూ డబుల్ వెయ్యడం మొదలుపెట్టింది. నాలుగడుగుల నడక పోయింది, టైము తింటుందని. వీపు పోయింది, మొహం కనిపించాలని. కెమెరాకే ఒకసారి చెప్పి, కెమెరాకే మళ్లీ గట్టిగా చెప్పేవాళ్లు. కొన్నాళ్లకు ఒక హాస్యనటుడు సినిమాలో అదే చేశాడు. సినిమా పెద్దగా ఆడలేదు గాని డబుల్ ఆడింది. ఆ క్లిప్పు ప్రతి ఛానెల్లో తిరిగింది. ఆ తరవాత సీరియల్లో అత్తగారు డబుల్, సబ్బు ప్రకటనలో చంటిపిల్ల డబుల్. నాకు తల నొప్పి పట్టుకుంది.

ఒకరోజు మురళి నన్ను ఫ్లోర్‌కు రమ్మన్నాడు. ప్రభుదాస్ ఒక్కడే పాత పద్ధతి పట్టుకుని కూర్చున్నాడని, అతనికి మీరైనా చెప్పమని. పైనుంచి ఆదేశం వచ్చిందట: డబుల్ మన కార్యక్రమంలో పుట్టింది, సినిమావాడికంటే మనవాడిదే గట్టిగా ఉండాలని. నేను వెళ్లేసరికి ప్రభుదాస్ సెట్ మధ్యలో నిలబడి ఉన్నాడు. ఆ రోజు గేటు అవతల ఎవరూ లేరు. కేబుళ్ల దగ్గర జనం ఉండొద్దని అందరినీ బయటికి పంపేశారు.

"సార్, రెండోపాలి ఎవరికి చెప్పాలె?" అని అడిగాడు.

కెమెరాకే అన్నాడు మురళి, విసుగ్గా, గట్టిగా అనమన్నాడు.

"కెమెరా మొదటిపాలి ఇన్నది గద సార్. అదేమన్న చెవిటిదా?"

నవ్వు ఆపుకున్నవాళ్లు ఆపుకున్నారు. మురళికి ఆపుకోవాల్సిన పని లేదు, అతనికి నవ్వే రాలేదు. నలుగురిలో మాట పడ్డానన్న కోపం మొహంలో కనిపించింది. అతని బాధా నాకు తెలుసు. పైన హెడ్, కింద ఆర్టిస్టులు, మధ్యలో అడకత్తెరలో పోకచెక్క. ప్రభుదాస్‌ను పక్కకు పిలిచి, ఈ ఒక్కసారికి వాళ్లడిగినట్టు చెయ్యమన్నాను. షాపు లేదు, పిల్లల ఫీజులున్నాయి, మొండిపట్టు మంచిది కాదన్నాను. చేస్త మేడమ్ అన్నాడు. చేశాడు కూడా. కెమెరా వైపు చూసి, గట్టిగా, రెండుసార్లు. ఎవరికో అరువు బట్టలు తొడిగినట్టు ఉంది. మాట ఆయనదే, మనిషి అందులో లేడు.

ఆ స్కిట్ నేనే కోశాను. కోయడానికి ఇబ్బందేమీ లేదు; నియమాల ప్రకారం అన్నీ ఉన్నాయి, మొహం ఉంది, గాలి లేదు. అది ప్రసారమయ్యాక ప్రేక్షకుల అభిప్రాయాలు వచ్చాయి. అందులో ఎక్కువమంది రాసింది ఒకటే: ఈయన ఆ సినిమా కమెడియన్‌ను కాపీ కొడుతున్నాడు, సొంత సరుకు లేదా అని.

రెండు వారాల్లో ప్రభుదాస్‌ను టీమ్ నుంచి తప్పించారు. కారణం అదే చెప్పారు, కాపీ ఆర్టిస్టన్న పేరు కార్యక్రమానికి చెడ్డదని. నాకు మండిపోయింది. కిరాయి ఇంటి స్కిట్ టేపులు తీసుకుని ప్రోగ్రామ్ హెడ్ గదికి వెళ్లాను. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి, టీ తెప్పించి, అంతా విన్నాడు. టేపు చూడనక్కర్లేదన్నాడు. మీరు చెప్పేది నిజమే మేడమ్, కాని చూసేవాడికి ముందు ఎవర్ని చూశాడో గుర్తుండదు, ఎక్కువసార్లు ఎవర్ని చూశాడో గుర్తుంటుంది, అందరిళ్లకూ వెళ్లి టేపు చూపిస్తామా అన్నాడు. టేపులు తీసుకుని మా గదికి తిరిగి వచ్చేశాను. ఆయన దుర్మార్గుడు కాదు. అది ఇంకా చిరాకు కలిగించింది.

షాపులో అప్పటికే కొత్త కటింగ్ మాస్టర్ ఉన్నాడు. ప్రభుదాస్ ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు, స్కూలు యూనిఫారాలు కుట్టడం మొదలుపెట్టాడని ఎల్లయ్య చెప్పగా విన్నాను. ఒకసారి ఎల్‌బీ నగర్ చౌరస్తా దగ్గర కనిపించాడు. ఏమీ జరగనట్టే మాట్లాడాడు. పెద్దపిల్ల డిగ్రీ అయిపోయిందన్నాడు. కుర్చీ తొడుగు బాగుందా అని అడిగాడు. బాగుందన్నాను.

తరవాత ఉద్యమం ముగిసింది, రాష్ట్రం వచ్చింది. మెట్రో స్తంభాలు లేచాయి. సినిమాల్లో హీరోలే తెలంగాణ మాట మాట్లాడటం మొదలైంది. నేను రిటైరయ్యాను. కొత్తపేటలోనే ఉన్నాను, ఎక్కడికీ పోవాలనిపించలేదు.

రిటైరైన ఏడాది డిసెంబరులో ప్రభుదాస్ ఇంటికి వచ్చి, చర్చిలో క్రిస్మస్ నాటకం చూడటానికి రమ్మన్నాడు. తనిప్పుడు వేషం వెయ్యడం లేదని, వేషాల బట్టలు మాత్రం తానే కుడుతున్నానని చెప్పాడు. సాయంత్రం వెళ్లాను. చర్చి పెద్దదైంది. టైల్స్, ఫ్యాన్లు, స్టేజీకి రెండు పక్కలా మనిషెత్తు సౌండ్ బాక్సులు. ఇసుక వేస్తే రాలనంత జనం. నాకు వెనక వరసలో కుర్చీ వేయించి, ప్రభుదాస్ తలుపు పక్కన గోడకానుకుని నిలబడ్డాడు. గడప అవతల గల్లీ జనం నిలబడి ఉన్నారు. వాళ్లు మాత్రం మారలేదు.

దూత వచ్చాడు. కాలేజీ వయసు గొల్లలు వచ్చారు. చేతిలో మైకు పట్టుకుని ముందున్న కుర్రాడు, గొర్లు బెదురుతున్నయ్, లైటు తగ్గించు అన్నాడు. వెంటనే అదే మాట, ముందుకే చూస్తూ, ఇంకా గట్టిగా మరోసారి అన్నాడు. హాలు మారుమోగింది. నా పక్క కుర్చీలో కూర్చున్నాయన సంతోషంగా నావైపు వంగి, ఇది ఫలానా సినిమా కమెడియన్ స్టైల్ మేడమ్, మా పోరగాండ్లు మస్తు పట్టిన్రు అని చెప్పాడు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. నేను ప్రభుదాస్ వైపు తిరిగి, వీళ్లకు ఎప్పుడైనా చెప్పావా అని అడిగాను.

"ఏం జెప్పాలె మేడమ్. సంబురంగ జేస్తున్నరు, చెయ్యనియ్యిన్రి," అన్నాడు.

అప్పుడే గడప అవతల నుంచి ఒక ముసలావిడ ఆయన మోచెయ్యి పట్టుకుని లాగింది. నుదుట పెద్ద బొట్టు, భుజాన మనవరాలు. సౌండ్ బాక్సుల మోతలో మాట కలిసిపోయి, గుమ్మం దగ్గర గుడగుడ తప్ప ఏమీ వినపడటం లేదు. "ఏమన్నడు బిడ్డా గా పిలగాడు?" అని అడిగింది.

ప్రభుదాస్ స్టేజీకి వీపు తిప్పి, ఆమె వైపు వంగి, మెల్లగా చెప్పాడు. "లైటు తగ్గించుమంటున్నడవ్వా. గొర్ల కోసమట, ఆనికోసం గాదట."

ముసలావిడ నవ్వింది. చివరి రెండు వరసలవాళ్లు, ఆ మాట చెవిన పడ్డంతమంది, స్టేజీ వదిలి వెనక్కి తిరిగి నవ్వారు. నా పక్కాయన కూడా నవ్వాడు. నవ్వి, మళ్లీ స్టేజీ వైపు తిరిగాడు.

ఈ ఉదంతం నుంచి నేను నేర్చుకున్నది వృత్తికి సంబంధించినదే. ఒక ఆటగాడి నుంచి తరవాతివాళ్లు తీసుకోగలిగేది తెర మీద కనిపించే భాగాన్నే. కనిపించేది ఎంత బాగా వ్యాపిస్తే మొదటివాడి పేరు అంత త్వరగా చెరిగిపోతుంది. దాన్ని ఆపడం ఎడిటర్ వల్లా కాదు, ప్రోగ్రామ్ హెడ్ వల్లా కాదు. మాట రెండుసార్లు అనడం ఇప్పుడు అందరికీ వచ్చు. గుమ్మం దగ్గర వినపడనివాళ్లు ఎవరైనా ఉన్నారా అని చూసేవాణ్ణి మాత్రం నా ఉద్యోగకాలంలో ఒక్కణ్ణే చూశాను. ఆయన వీపు ఉన్న టేపు మా గదిలోనే ఉండిపోయింది. ఆ తరవాత గది ఖాళీ చేశారని విన్నాను.